లాండ్రీ బావిలో ఎర్రచేప, బడాయి బాబాయి

ఆ వీధిలో బడాయి బాబాయి మాట చెవిన పడగానే ముందు దాన్ని నాలుగుతో భాగిస్తారు. ఎవరూ బోర్డు రాసి పెట్టలేదు, ఎవరూ ఎవరికీ నేర్పలేదు. కొత్తగా అద్దెకు దిగినవాళ్లకు కూడా రెండు వారాల్లో దానంతటదే పట్టుబడిపోతుంది. బావిలో నలభై అడుగుల నీళ్లున్నాయని బాబాయి అంటే పదడుగులని అర్థం. ఎనిమిది పాములంటే రెండు. రెండంటే అరపాము, అంటే ఎవరో పడేసిన తాడుముక్క.

బావుల్లో పూడిక తీయడం బాబాయి పని. ఇరవై రెండేళ్లుగా నడుముకు తాడు కట్టుకుని దిగుతున్నాడు. బురద పైకి పంపుతాడు, గోడలకు పట్టిన నాచు గీకుతాడు, చివర్న బకెట్టెడు బ్లీచింగ్ పొడి కుమ్మరించి పైకొస్తాడు. పొడి పడని బావి శుభ్రమైనట్టు కాదని అతని పట్టుదల. చదువు ఏడో తరగతిలో ఆగిపోయింది. అలా అంటే మాత్రం ఒప్పుకోడు. "నేను మానలేదు. నా ప్రశ్నలకు జవాబు చెప్పలేక బడే నన్ను మానేసింది. గేటు దాటుతుంటే హెడ్మాస్టరు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు," అంటాడు. నాలుగుతో భాగిస్తే, వాచ్‌మన్ తుమ్మాడు.

ఈ భాగహారం కనిపెట్టింది సాక్షాత్తూ బాబాయి భార్యే. ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని వీధి మొత్తానికీ బట్టలు కుడుతుంది కాబట్టి అందరికీ ఆమె మిషను పిన్ని. పెళ్లయిన కొత్తలో మొగుడు చెప్పిన ప్రతి మాటా నమ్మింది. మూడో నెలలో అతను ఓ బావిలో తాబేలు కనిపించిందనీ, దాని వీపుమీద కూర్చుని టీ తాగాననీ చెప్పాడు. పిన్ని మెడలో టేపు తియ్యకుండానే వెళ్లింది. తాబేలు నిజమే. కొలిచింది. అతను చెప్పినదాంట్లో సరిగ్గా నాలుగో వంతు. ఒకసారి కొలత తీసుకున్నాక మళ్లీ మళ్లీ తియ్యడం ఆమెకు అలవాటు లేదు. ఆ రోజునుంచీ అదే ఖాయం.

బావి పైన తాడు పట్టుకునేది పిన్ని తమ్ముడు. బావమరిదిని బాబాయి 'పొదుపు' అని పిలుస్తాడు, ఎందుకంటే అతను మాటల్ని చాలా పొదుపుగా వాడతాడు. కిందనుంచి బావ ఆరు అధ్యాయాలు చెబితే పైనుంచి ఇతను "ఊఁ" అంటాడు. ఇద్దరికీ కలిపి సగటు తీస్తే మామూలు మనుషులు మాట్లాడినంత అవుతుంది. తాడు ఒకసారి లాగితే ఆగమని, రెండుసార్లు లాగితే పైకి తియ్యమని. పొదుపుకి నచ్చిన భాష అదొక్కటే.

ఒక బుధవారం ఉదయం లాండ్రీ పెద్దమ్మ దగ్గర్నుంచి కబురొచ్చింది. వీధి చివరి లాండ్రీ ఆమెది. ముందు గదిలో నంబరు చీటీలు కట్టిన మూటలు, మధ్య గదిలో ఆవిరి కక్కే బాయిలరూ నాలుగు ఇస్త్రీ బల్లలూ, వెనక దండేలమీద ఆసుపత్రి దుప్పట్లు, దుప్పట్ల మధ్య బావి. బావిలోంచి మోటారు తోడిన నీళ్లు గొట్టంగుండా నేరుగా ఉతికే తొట్లలోకి వస్తాయి.

పెద్దమ్మ బల్లమీద ఒక తెల్లకోటు పరిచి, జేబు తిరగేసి చూపించింది. లోపల ఎర్రగా, అగ్గిపుల్లంత ఏదో అంటుకుపోయి ఉంది.

"ఏంటో చెప్పు," అంది.

"దారప్పోగు పెద్దమ్మా."

"దారానికి మీసాలుంటాయిరా?"

బాబాయి వంగి చూశాడు. దారప్పోగుకి ఒక చివర నిజంగానే మీసాలున్నాయి.

"ఆపరేషన్లు చేసే డాక్టరుగారి కోటు ఇది," అంది పెద్దమ్మ. "జేబులో చెయ్యి పెడితే ఇది తగిలిందంట. బల్లమీద పడుకున్నవాడి ఒంట్లోంచి ఏదన్నా జారిందేమోనని అరగంట వెతికారంట. ఆఖరికి వాడికి మత్తు దిగి, లేచి కూచుని, వాడూ వెతికాడంట. నా లాండ్రీకి గుండీ ఊడిందన్న మాట వచ్చింది, మరక పోలేదన్న మాట వచ్చింది. పురుగొచ్చిందన్న మాట ఇన్నేళ్లలో రాలేదు. శనివారం పదింటికల్లా బావి తోడి, గోకి, పొడి పొయ్యాలి. ఒక బకెట్టు కాదు, రెండు."

"రెండేంటి పెద్దమ్మా, ఇరవై పోస్తాను."

"రెండు చాలు," అని పెద్దమ్మ జేబులోదాన్ని గోటితో గీకి బాయిలరు మంటలోకి విసిరింది. ఆమెకూ లెక్కలొచ్చు.

పూడిక ఎంతుందో చూసుకోవడానికి బాబాయి అప్పుడే దిగాడు. ముందు దీపం దించి, అది ఆరకపోవడం చూసి, తర్వాత తను దిగాడు. అడుగున మోకాలిలోతు నీళ్లు. రాతి సందుల్లోంచి ఊట సన్నగా కారుతోంది. బురదలో గడ్డపార గుచ్చబోతూ, దీపం వెలుగులో ఒక ఎర్రటి గీత కదలడం చూశాడు. మగ్గు ముంచి పైకెత్తాడు.

గీత కాదు, చేప. చిటికెన వేలిలో సగం కూడా లేదు. కోసిన వేలిమీద రక్తం పొటమరించినప్పుడు ఉండే ఎరుపు. తలకి నాలుగు జతల మీసాలు, ఆ మీసాలతో మగ్గు గోడని అంగుళం అంగుళం తడుముతోంది. కళ్లు ఎక్కడున్నాయా అని బాబాయి దీపం దగ్గరపెట్టి చూశాడు. కళ్లుండాల్సిన చోట చర్మం నున్నగా, ఇస్త్రీ చేసినట్టు ఉంది.

ఇరవై రెండేళ్లలో మొదటిసారి బాబాయికి ఏ అతుకూ వెయ్యబుద్ధి కాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పినా నోరు తెరుచుకుని వినాల్సిన వింత, తనంతట తను మగ్గులోకి వచ్చింది. తాడు రెండుసార్లు లాగాడు. ఆత్రం పట్టలేక ఇంకో ఆరుసార్లు లాగాడు.

పైకొచ్చి మగ్గు పెద్దమ్మ ముందు పెట్టాడు. ఆమె కళ్లజోడు సవరించుకుని చూసింది. మగ్గు ఎర్ర ప్లాస్టిక్‌ది. అడుగు ఎరుపు. ఆ అడుక్కి కరుచుకుని, బిగదీసుకుని, ఎర్ర చేప.

"నాకు మగ్గు చూపిస్తున్నావా?" అంది.

"చేప పెద్దమ్మా. కళ్లు లేవు."

"నాకేం, బాగానే ఉన్నాయి."

"నీక్కాదు, దానికి."

"ఉంటే నాకు కనపడదా? పొద్దున్నే నేనే దొరికానా నీకు?" అని పెద్దమ్మ మగ్గులో నీళ్లు బావిలోకి గిరవాటేసి, ఇస్త్రీ బల్లల దగ్గరికి వెళ్లిపోయింది.

బాబాయి బావమరిది వైపు తిరిగాడు. "నువ్వు చూశావుగా?"

పొదుపు తాడు చుట్టుకుంటున్నాడు. "చూళ్లేదు."

పెద్దమ్మ అప్పటికే తెప్పించి ఉంచిన పొడి బకెట్లు రెండూ గోడవార ఉన్నాయి. బాబాయి వాటిని చూశాడు. ఆ పొడి పడితే నాచు మిగలదు, పురుగు మిగలదు, కప్ప మిగలదు. ఇంత పల్చటి ఒళ్లున్న చేప మిగుల్తుందా? అప్పుడు ఇంకోటి గుర్తొచ్చింది. వేరే బావుల్లో కూడా, పొడి పోసిన మర్నాడు, నీళ్లమీద ఎర్రటి పోగులు తేలడం చూశాడు. ఇటుక పెచ్చులనుకున్నాడు. జల్లెడతో ఎత్తి పారేసి, శుభ్రంగా ఉందని చెప్పి వచ్చేశాడు.

శనివారం పదింటికి ఇంకా మూడు రోజులు.

ఇంట్లో పిన్ని నోట్లో గుండుసూదులు పెట్టుకుని జాకెట్టు చేతులు అతుకుతోంది. బాబాయి ఎదురుగా పీట వాల్చుకుని కూర్చుని, గొంతు తగ్గించి, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. అలా చెప్పడం ఎలాగో తెలియక మధ్యలో రెండుసార్లు తడబడ్డాడు.

"ఎంత పొడుగు?" అంది పిన్ని సూదుల సందులోంచి.

"మూడు సెంటీమీటర్లు."

పిన్ని మిషను ఆపి ఒక్క క్షణం పైకి చూసింది. "ముప్పావు సెంటీమీటరు. చేప కాదది, దోమపిల్ల."

"మీసాలున్నాయే."

"దోమకీ ఉంటాయి."

"కళ్లు లేవు."

"ముప్పావు సెంటీమీటరుదానికి కళ్లుంటే మాత్రం నీకు కనపడతాయా?"

"ఈ ఒక్కసారి భాగించకే."

"భాగించకపోతే ఇన్నేళ్ల లెక్కలన్నీ మళ్లీ మొదట్నుంచి చెయ్యాలి. నాకు చేతినిండా జాకెట్లున్నాయి."

"నీమీద ఒట్టు."

"నామీద వేసినవి చాలు. నువ్వేసిన ఒట్లకి నేనింకా బతికున్నానంటే నన్నే ఏదన్నా గాజుసీసాలో పెట్టి చూపించాలి." పిన్ని తమ్ముడి వైపు తిరిగింది. "ఏరా, నువ్వు చూశావా?"

"చూళ్లేదక్కా," అన్నాడు పొదుపు. ఆ రోజు మొత్తంమీద అదే మాట రెండోసారి ఖర్చయినందుకు అతనికి కాస్త బాధగా ఉంది.

బాబాయి చేతులు కడుక్కుంటూ ఆలోచించాడు. తన మాట ఎవరి దగ్గరికి వెళ్లినా నాలుగో వంతే చేరుతోంది. చిన్న చేపని ఉన్నంత చెబితే దోమ అయిపోతోంది. అంటే, చేప చేపలాగే చేరాలంటే ఇక్కడ నాలుగింతలు పెట్టి పంపించాలి. అతని బతుకంతా చేసిందీ అదే, కానీ ఇంతవరకూ సరదాకి చేశాడు. ఇప్పుడు మొదటిసారి నిజంకోసం చెయ్యబోతున్నాడు. తన తెలివికి తనే మురిసిపోయి తువ్వాలు బదులు పిన్ని అతుకుతున్న జాకెట్టుతో చేతులు తుడుచుకున్నాడు. దానికి పడ్డ చీవాట్లు మాత్రం భాగించకుండా పూర్తిగా చేరాయి.

లాండ్రీకి వారం వారం ఒక తెల్లకోటు వస్తుంది. ఆ కోటు చేపల కంపు కొడుతుందని ఇస్త్రీవాళ్లు దాన్ని వంతులేసుకుని తీసుకుంటారు. అది కాలేజీలో జంతువుల పాఠాలు చెప్పే మేడమ్‌ది. గురువారం బాబాయి చీటీల పుస్తకంలో ఆమె ఫోన్ నంబరు వెతికి పట్టుకున్నాడు.

"మేడమ్, బావిలో కళ్లులేని చేపలున్నాయి. నిప్పుకణికల్లా ఉన్నాయి."

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది. "ఎంత పొడుగున్నాయండీ?"

మూడు నాలుగులు. "పన్నెండు సెంటీమీటర్లు."

"పన్నెండా? మీసాలు?"

"జానెడు."

"చేపలు ఎన్ని ఉంటాయి?"

బాబాయి ఇక్కడ లెక్క తప్పాడు. తప్పాడని కూడా అనలేం, నోటికి అలవాటైన దారిలో అది వెళ్లిపోయింది. "నలభైకి తక్కువుండవు."

శుక్రవారం పొద్దున్నే మేడమ్ స్కూటరుమీద దిగింది. నలభై ఏళ్ల మనిషి, సన్నగా, మోకాళ్లదాకా రబ్బరు బూట్లు. వెనక కట్టిన మూటలో ఒక పెద్ద తొట్టి, పొడుగు కర్ర, కర్ర చివర వల. వల కన్నాల్లోంచి వేలు దూరుతుంది. పన్నెండు సెంటీమీటర్ల చేపకి అది సరిగ్గా సరిపోతుంది. ముప్పై మిల్లీమీటర్లదానికి అది వల కాదు, వీధి గుమ్మం.

మధ్యాహ్నం నాలుగు వరకూ ఆమె తోడింది, గాలించింది, దీపం దించి చూసింది. ఒక ప్లాస్టిక్ దువ్వెన, రెండు గుండీలు, ఎప్పుడో పోయిన నంబరు చీటీ దొరికాయి. నంబరు చీటీ చూసి పెద్దమ్మ సంతోషించింది. ప్రహరీ పక్కన చేరిన వీధివాళ్లు దువ్వెనకి కళ్లు లేవని ఒప్పుకున్నారు. చూడ్డానికి వచ్చిన మిషను పిన్ని చీర కొంగుతో మొహం తుడుచుకునే వంకతో తల దించుకుంది. అది చూశాక బాబాయికి మిగతావాళ్ల నవ్వు వినబడటం మానేసింది.

మేడమ్ వల మడిచింది. కోపంగా లేదు, అలసిపోయింది. "నెలకి ఇలాంటి ఫోన్లు రెండు మూడు వస్తాయండీ. ఫరవాలేదు."

"మేడమ్, వెళ్లకండి," అన్నాడు బాబాయి. "నేను నాలుగింతలు చెప్పాను."

"ఎందుకు?"

"మీరు భాగిస్తారని."

మేడమ్ కర్ర కింద పెట్టింది. బాబాయి భాగహారం కథ మొత్తం చెప్పాడు, తాబేలుతో సహా. వీధివాళ్లు సాక్ష్యంగా తలలూపారు. అంతా విని ఆమె సంచిలోంచి ఒక అచ్చు కాగితం, పెన్సిలూ తీసింది.

"ఈ కాగితానికి భాగహారం రాదు. ఇందులో ఏది రాస్తే అదే ఉండిపోతుంది. నా తర్వాత వచ్చేవాళ్లు కూడా దీన్నే చదువుతారు. పొడుగు?"

"మూడు సెంటీమీటర్లు."

"కొలిచారా?"

"లేదు. సుమారు."

ఆమె 'సుమారు' అని రాసింది. ఆ మాట రాయొచ్చని బాబాయికి అప్పటిదాకా తెలియదు.

"ఎన్ని చూశారు?"

"పది."

మేడమ్ పెన్సిలు కదల్లేదు.

"నాలుగు," అన్నాడు బాబాయి.

పెన్సిలు అలాగే ఉంది.

"రెండు మేడమ్. కచ్చితంగా రెండు." ప్రహరీ అవతల ఎవరో దగ్గారు. బాబాయి నుదురు తుడుచుకున్నాడు. "ఒకటి. రెండోది దాని నీడ."

ఆమె 'ఒకటి' అని రాసింది. వీధిలో ఎవరూ నవ్వలేదు. బాబాయి నోటినుంచి 'ఒకటి' అన్న అంకె వాళ్లెవరూ ఇంతకుముందు వినలేదు.

"కళ్లు?"

"లేవు. ఉండాల్సిన చోట ఇస్త్రీ చేసినట్టుంది."

మేడమ్ మొహంలో అలసట పోయింది. "ఈ మాటతో నమ్ముతున్నానండీ. అబద్ధం చెప్పేవాడెవడూ చేపకి కళ్లు తీసెయ్యడు. ఇంకో రెండు పెడతాడు."

"వాటికి కళ్లెందుకు పోయాయమ్మా? జబ్బా?" అని అడిగింది పెద్దమ్మ.

"జబ్బు కాదు. ఇవి ఉండేది బావిలో కాదు. కింద రాతి పగుళ్లలో, బంకమట్టి బొరియల్లో నీళ్లు పారే చోట. ఊరి కింద ఇంకో ఊరులాంటిది. బావి ఆ ఊరికి ఒక కిటికీ, అంతే. అక్కడ ఎప్పుడూ వెలుగు ఉండదు. కళ్లు పోషించడం ఒంటికి పెద్ద ఖర్చు. పనికిరాని కళ్లతో పుట్టినవాటికి నష్టం లేదు, తిండి మిగిలింది. అలా వేల తరాలు గడిచేసరికి కళ్లే లేకుండా పోయాయి. చూసే పని మీసాలకీ ముక్కుకీ పడింది. రంగు కూడా అంతే. చూసేవాళ్లు లేని చోట రంగెందుకు? చర్మం పల్చబడి లోపలి రక్తం కనపడుతోంది. దొరికినప్పుడు తింటాయి, దొరక్కపోతే నెలల తరబడి ఓర్చుకుంటాయి. గుడ్లు కూడా చాలా తక్కువ పెడతాయి. అందుకే ఒకసారి పోతే మళ్లీ నిండటం కష్టం."

"రక్తమా?" అంది పెద్దమ్మ. మిగతాదేదీ ఆమె చెవికెక్కలేదు. "రక్తం మరక అస్సలు పోదు. రేపు పదింటికి పొడి పడాల్సిందే. మీరు చూపిస్తే చూస్తాను, మళ్లీ మగ్గు చూపిస్తే ఊరుకోను."

దీపం తగిలితే అవి సందుల్లోకి జారుకుంటాయనీ, కళ్లు లేకపోయినా కొన్నిటికి వెలుతురు తెలుస్తుందనీ, నీళ్లలో చిన్న అదురు పుట్టినా పసిగడతాయనీ మేడమ్ చెప్పింది. ఎవరో ఒకరు చీకట్లో, కదలకుండా, సన్నటి గుడ్డసంచి పట్టుకుని నిలబడాలి. "మాట్లాడకూడదు. నోరు కదిలితే ఒళ్లు కదుల్తుంది, ఒళ్లు కదిలితే నీళ్లు కదుల్తాయి. గంట పట్టొచ్చు, రెండు పట్టొచ్చు."

వీధి మొత్తం బాబాయి వైపు చూసింది. అక్కడున్నవాళ్లలో ఆ పని చెయ్యలేని మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆ బావిలోకి దిగడం తెలిసిన మనిషి కూడా అతనొక్కడే.

"గుడ్డ ఎంత సన్నగా ఉండాలి?" అంది పిన్ని. "లైనింగు గుడ్డ చాలా?"

బాబాయి గబుక్కున ఆమె వైపు తిరిగాడు.

"నమ్మి కాదు," అంది పిన్ని. "మేడమ్ అడిగిందని."

శనివారం ఏడున్నరకి పొదుపు దీపం దించి, అది నిలకడగా వెలగడం చూసి పైకి లాగేశాడు. బాబాయి ఇనుప వలయానికి కుట్టిన తెల్ల సంచితో దిగాడు. బావి పైన పలకలు అడ్డం పెట్టారు. గాలికి మూలన చిన్న సందు వదిలారు. గట్టుమీద రెండు పొడి బకెట్లు, పక్కన కుర్చీలో పెద్దమ్మ.

మొదటి పావుగంట బాబాయికి నరకం. చెప్పాల్సిన మాటలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ గొంతుదాకా వచ్చాయి. ఈ చీకటి గురించే ఒక కథ తయారైంది, అందులో చీకటి ఎంత చిక్కగా ఉందంటే తను దాన్ని కోసి మెట్లు కట్టుకున్నాడు. మింగాడు. ఇంకోటి వచ్చింది. అదీ మింగాడు. చెమట ముక్కుచివర చేరి వేలాడింది. అది నీళ్లలో పడితే ఊరంతా లేస్తుందేమోనని నాలుకతో అందుకున్నాడు. ముక్కు దురద పుట్టింది. వీపు దురద పుట్టింది. ఇరవై రెండేళ్లలో దురద పుట్టని చోట్లన్నీ ఆ పూటే చూసుకుని లేచాయి.

తర్వాత మాటలు అయిపోయాయి. అవి అయిపోతాయని బాబాయి ఎప్పుడూ అనుకోలేదు. ఖాళీ అయిన చోట ఊట చప్పుడు వినిపించింది. రాతి సందులోంచి ఒక్కో బొట్టూ వచ్చి నీళ్లలో కలవడం వినిపించింది. ఇన్ని బావులు దిగాడు, ఒక్క బావినీ విన్నది లేదు. ఎప్పుడూ తనే చెప్పాడు. తను చెబుతున్నంతసేపూ ఇవి గోడల్లో ఉండే ఉంటాయి. తర్వాత తను బకెట్టు దింపమని అరిచి ఉంటాడు.

ఎంతసేపైందో తెలియదు. ఎడమ చీలమండకి ఏదో తగిలింది. పిన్ని చీర అంచుకి దారం పోగు తీస్తున్నప్పుడు ఆ పోగు చేతికి తగిలినంత మెల్లగా తగిలింది. ఆగింది. మళ్లీ తగిలింది. నాలుగు చోట్ల, ఐదు చోట్ల. మీసాలతో అతన్ని చదువుతోంది. ఇది రాయా, వేరా, మనిషా అని ఓపిగ్గా తడిమి చూసుకుంటోంది. బాబాయి ఊపిరి సగంలో ఆపేశాడు. సంచిని వేలి వెడల్పు కదిపాడు. ఇంకో వేలి వెడల్పు. చీలమండ మీద స్పర్శ పోయిన క్షణాన పైకెత్తాడు.

తాడు రెండుసార్లు కదిలింది. సరిగ్గా రెండేసార్లు. పైన పొదుపు, ఏదో ప్రమాదం జరిగిందనుకుని హడలిపోయాడు.

పలకలు తీసి పైకి లాగేటప్పటికి పది కావడానికి ఏడు నిమిషాలుంది. మేడమ్ తెల్ల పింగాణీ బేసినులో బావినీళ్లు పోసి సిద్ధంగా పట్టుకుంది. సంచి తిరగేసింది. తెల్లటి అడుగుమీద ఎర్రటి గీత ఒకటి విడివడి, మీసాలు చాచి, బేసిను గోడ వెంట నడక మొదలుపెట్టింది.

మొట్టమొదట మాట్లాడింది పొదుపు.

"చూశాను బావా," అన్నాడు. ఎవరూ అడక్కుండానే.

మేడమ్ కొలబద్ద ఆనించి చూసి, "ముప్పై ఒకటి," అంది. పిన్ని మెడలో టేపు తీసి, బేసిను పక్కన మోకాళ్లమీద కూర్చుని, తన కొలత తను తీసుకుంది. ఒకసారి చూసింది. అలవాటు లేని పని, రెండోసారి కూడా చూసింది.

"మూడు సెంటీమీటర్లన్నాడు," అంది ఎవరితోనూ కాకుండా. "ఇది మూడుకి ఎక్కువే ఉంది. ఈ మనిషి తగ్గించి చెప్పాడు." బాబాయి ఒంటికి అంటిన బురదని తన కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. చెవి వెనకదాకా తుడిచింది, అందరూ చూస్తుండగా.

పెద్దమ్మ కుర్చీలోంచి వంగి చేపని పరీక్షించింది. "దీని ఒళ్లు ఇంత పల్చగా ఉందే. మురికినీళ్లలో బతుకుతుందా?"

"బతకదండీ. మురికి చేరితే ముందు పోయేది ఇవే," అంది మేడమ్.

"అయితే నా బావి నీళ్లు శుభ్రమన్నట్టేగా?"

"అన్నట్టే."

"డాక్టరుగారికి ఆ మాట కాగితంమీద రాసిస్తావా?"

"రాసిస్తాను."

పెద్దమ్మ రెండు బకెట్లనీ లోపలికి తీసుకుపొమ్మంది. పొడి దుప్పట్లకి పనికొస్తుందంది. మోటారు గొట్టం మూతికి లైనింగు గుడ్డ తొడుగు కుట్టమని పిన్నికి అప్పటికప్పుడే పురమాయించింది. చేపని మేడమ్ ఫోటోలు తీసుకుని, బాబాయి చేతే మళ్లీ బావిలోకి దింపించింది.

వారం తిరిగేసరికి చేప పెరిగింది. బావిలో కాదు, వీధిలో. టీ కొట్టు దగ్గర అది జానెడైంది. మంగలి షాపులో మూరెడై, రాత్రిళ్లు వెలుగుతోంది. బస్టాపు చేరేసరికి డాక్టరు వేలు కొరికేసింది. చేప గురించి మాట్లాడేవాళ్లని పట్టుకుని సరిచేసేందుకు బాబాయికి సగం రోజు పడుతోంది. "ముప్పై ఒక్క మిల్లీమీటర్లు. వెలగదు. కొరకదు," అంటాడు. వాళ్లు నమ్మరు. మిగతా విషయాల్లో అతను మారాడనుకుంటే పొరపాటు. మొన్న తన గొడుగు గాలికి ఎగిరి మూడు ఊళ్లు తిరిగి సాయంత్రానికి ఇల్లు చేరిందని చెప్పాడు.

కానీ మేడమ్ ఇచ్చిన అచ్చు కాగితాల కట్ట ఇప్పుడు అతని సంచిలో ఉంటుంది. పనిలేని రోజుల్లో బావమరిదిని వెంటేసుకుని, తను ఒకప్పుడు పొడి పోసిన బావులకి వెళుతున్నాడు. ఇంటివాళ్లని బతిమాలి పలకలు వేయించి, చీకట్లో గంట నిలబడతాడు. ఇప్పటికి పదకొండు బావులయ్యాయి. రెండింటిలో కనిపించాయి. తొమ్మిదింటిలో లేవు.

పదకొండోది ఒక బేకరీ వెనక బావి. బాబాయి గంటన్నర నిలబడి పైకొచ్చాడు. బేకరీవాడు ఆశగా ఎదురొచ్చాడు.

"ఉందా బాబాయ్?"

"లేదు."

"ఒక్కటి రాసెయ్యకూడదూ? మా బావికీ పేరొస్తుంది. ఎవరు చూడొచ్చారు?"

బాబాయి గట్టుమీద కూర్చుని, తడి చేతులు చొక్కాకి తుడుచుకుని, కాగితం మోకాలిమీద పెట్టుకున్నాడు. ఎన్ని అన్న గడి దగ్గర పెన్సిలు కొంచెంసేపు ఆగింది. ఈ బావిలో తను పొడి పోసింది ఎన్నిసార్లో గుర్తు చేసుకున్నాడు. మూడు. ఆ సంగతి రాయడానికి కాగితంలో గడి లేదు. అయినా అంచున చిన్న అక్షరాలతో అదీ రాశాడు. తర్వాత గడిలో సున్నా చుట్టాడు.

"పద," అన్నాడు పొదుపుతో. పొదుపు తాడు చుట్టి భుజాన వేసుకున్నాడు.